తాత పద్యానికి పది మీటలు!
బళ్లారి: రాఘవ నాటకాలాడిన ఊరిది. పౌరాణిక నాటకాల క్యాసెట్లు ఇప్పటికీ కొన్ని ఇళ్లల్లో అటకెక్కి ఉన్నాయి. వాటిని కంప్యూటర్లోకి ఎక్కించి వింటే... హోరేగానీ తాత పద్యం ఏదీ? టేపు పాడైందని పారేయకండి.

ఉచితంగా దొరికే వీఎల్‌సీ ప్లేయర్లో కంట్రోల్, ఇ కీలు కలిపి నొక్కండి. ఆడియో ఎఫెక్ట్స్‌లో ఈక్వలైజర్ కనిపిస్తుంది. ముందు ‘ఎనేబుల్’కు టిక్కు పెట్టాలి. 60 హెర్ట్‌జ్ నుంచి 16 వేల దాకా పది మీటలు. గుంయ్‌మనే మోత 60, 170 దగ్గర ఉంటుంది, దించండి. టేపు బుస పైమీటల్లో వినిపిస్తుంది, అవీ కాస్త తగ్గించండి. మాట తేటపడేది 3 వేల దగ్గర. మూడు, నాలుగు డెసిబెల్స్ పెంచితే చాలు. ఇరవై దాకా ఉంది కదా అని లాగారో, తాత రేకు డబ్బాలోంచి పాడినట్టే! డాన్స్, క్లబ్ అంటూ రెడీమేడ్ సెట్టింగులూ ఉన్నాయి. పద్యానికి వాటితో పనిలేదు.

హార్మోనియం సంగతి వేరు. అదీ, గొంతూ ఒకే స్థాయిల్లో పలుకుతాయి. పూర్తిగా విడదీయడం ఈ మీటల వల్ల కాదు.

ఎడమ చెవికే వినిపిస్తోందా? ఆడియో మెనూలో స్టీరియో మోడ్‌ను ‘లెఫ్ట్’కు మార్చండి, రెండు వైపులా వస్తుంది. ఈ మార్పులన్నీ వినడానికే, అసలు ఫైలుకు ఏమీ కాదు. నచ్చకపోతే టిక్కు తీసేయండి.