గెలుపు కోరని పోటీ

ఎన్నికలలో గెలిచినవారిని చరిత్ర జ్ఞాపకముంచుకొనును. గట్టిపోటీ యిచ్చి ఓడినవారిని సైతము కొంతకాలము తలచుకొనును. కాని, గెలుపున కవకాశమే లేని మూడవ పక్షమున, అందులోను రెండవ స్థానమునకు నిలిచినవారిని తలచువారెవరు? 1952లో అమెరికా ఉపాధ్యక్షపదవికి ప్రోగ్రెసివ్ పార్టీ పక్షమున పోటీచేసిన షార్లొటా బాస్ అట్టి విస్మృతులలో నొకతె. ఆ పదవికి నిలిచిన తొలి నల్లజాతి వనిత ఆమెయే.

ఆమె జన్మస్థలము దక్షిణ కరోలినా. ఆరోగ్యము చక్కబడునను ఆశతో 1910లో లాస్ ఏంజిలిస్ చేరి, 'కాలిఫోర్నియా ఈగిల్' అను నల్లజాతివారి పత్రికకు చందాదారులను చేర్చు పనిలో కుదిరెను. 1912లో సంపాదకుడు మరణింపగా పత్రికాభారము ఆమెపై బడెను. దాదాపు నలువది యేండ్లు ఆమె దానిని మోసెను. క్లూ క్లక్స్ క్లాన్ నాయకు డొకడు 1925లో పరువునష్టపు దావా వేయగా, న్యాయస్థానమున నిలిచి గెలిచెను. నల్లవారికి ఇల్లు అమ్మరాదని దస్తావేజులలో వ్రాయించు ఆచారమును పత్రికాముఖమున ఎదిరించెను. అట్టి షరతులను న్యాయస్థానములు అమలుజరుపరాదని సుప్రీంకోర్టు 1948లో తీర్పుచెప్పెను.

ఆమె తొలుత రిపబ్లికన్. 1940లో విల్కీ విజయమునకై పనిచేసెను. జాతివివక్ష విషయమున రెండు పెద్ద పార్టీలును తనవారికి న్యాయము చేయవని తేలిన పిమ్మట ప్రోగ్రెసివ్ పార్టీలో చేరెను. 1952లో ఆ పార్టీ అధ్యక్షాభ్యర్థి విన్సెంట్ హాలినన్ అను న్యాయవాది. ఒక కార్మికనాయకుని పక్షమున వాదించుచు కోర్టుధిక్కార నేరమునకు శిక్షపడి, ప్రచారారంభకాలమున ఆయన చెరసాలలో నుండెను. కనుక పార్టీ వాణిని వినిపించు బాధ్యత ఉపాధ్యక్షాభ్యర్థినిదే ఆయెను. కొరియాలో యుద్ధము నిలుపవలెననియు, నల్లవారికి పౌరహక్కులు దక్కవలెననియు ఆమె ఊరూర చాటెను. కమ్యూనిస్టు భయము దేశమంతట వ్యాపించిన రోజులవి. గూఢచారిశాఖ ఆమెపై కన్నువేసి యుంచెను.

ఆమెకు ప్రధాన ప్రత్యర్థులు ఇరువురు: రిపబ్లికన్ పక్షమున రిచర్డ్ నిక్సన్, డెమోక్రటిక్ పక్షమున అలబామాకు చెందిన జాన్ స్పార్క్‌మన్. ఈ రెండవవాడు పౌరహక్కుల శాసనములకు విరోధి. ఉదారవాదుల ఆశాస్థానమనిపించుకొన్న పార్టీయే అట్టివానిని నిలిపినప్పుడు, మూడవ అభ్యర్థిని ఏల నిలిచినదను ప్రశ్నకు వేరుగ సమాధాన మక్కరలేదు.

అమెరికాలో దాదాపు అన్ని రాష్ట్రములందును ఏ పక్షమునకు ఎక్కువ వోట్లు వచ్చునో, ఆ రాష్ట్రపు ఎలెక్టర్లందరు ఆ పక్షమునకే చెందుదురు. చిన్న పార్టీకి పరాజయము ముందే వ్రాసిపెట్టబడియుండును. గెలిచినను ఓడినను, సమస్యలను లేవనెత్తుటయే తమ గెలుపని ఆమె నినాదము. ఆరు కోట్లకు పైగా పోలైన వోట్లలో ఆ పక్షమునకు వచ్చినవి సుమారు 1,40,000. నూటికి పావువంతైనను కాదు.

ఆ వోట్లే తరువాతి మార్పులను తెచ్చినవనుట అతిశయోక్తి. 1964నాటి పౌరహక్కుల చట్టమునకు, 1965నాటి వోటుహక్కు చట్టమునకు వెనుక లక్షలాది సామాన్యుల పోరాటము కలదు. ఐనను, పెద్ద పార్టీలు పలుకుటకు జంకిన మాటలను ఎన్నికల వేదికపై ముందుగా పలికినవారిలో ఆమె యొకతె. ఆ రెండు చట్టములును ఆమె జీవితకాలముననే వచ్చినవి. 1969లో ఆమె కన్నుమూసెను.

2020లో కమలా హారిస్ ఉపాధ్యక్షురాలుగా ఎన్నికైనప్పుడు పలువురు షార్లొటా బాస్ పేరును మరల తలచిరి. నడుమ గడచినవి 68 సంవత్సరములు.