విండోస్ నుంచి లినక్స్ మింట్‌కి మారా.. మొదటి గంటలోనే డీ డ్రైవ్ పోయింది!

నా ల్యాప్‌టాప్ 2017లో కొన్నది. ఏడో తరం ఐ5, 8 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్ డిస్క్. విండోస్ 10కి సాధారణ సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11కి వెళ్దామంటే నా ప్రాసెసర్ లిస్టులోనే లేదు. చక్కగా పనిచేస్తున్న మెషీన్‌ని పక్కన పడేయడం ఇష్టం లేక లినక్స్ మింట్ 22 సినమన్ వేద్దామనుకున్నా. దీనికి 2029 వరకూ సెక్యూరిటీ అప్‌డేట్లు వస్తాయి.

ఐఎస్ఓ ఫైల్‌ని రూఫస్‌తో పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి బూట్ చేశా. ఇన్‌స్టాల్ చేయకుండానే డెస్క్‌టాప్ మొత్తం వచ్చేస్తుంది. వైఫై, సౌండ్, బ్రైట్‌నెస్ బటన్లు అన్నీ అక్కడే చెక్ చేసుకోవచ్చు. నేను పది నిమిషాలు చూసి, అన్నీ పనిచేస్తున్నాయని తొందరపడ్డా. మీరు కనీసం ఒక సాయంత్రమైనా వాడి చూడండి.

ఇన్‌స్టాలర్‌లో 'ఎరేజ్ డిస్క్' అనే ఆప్షన్ కనిపించింది. పోయేది విండోస్ ఉన్న సీ డ్రైవే కదా, నా ఫైల్స్ డీలో ఉన్నాయిలే అనుకుని నొక్కేశా. మనలో చాలామందికి చిన్నప్పటి నుంచీ ఉన్న నమ్మకం ఇది: ఫార్మాట్ చేస్తే సీ పోతుంది, డీ ఉంటుంది. కానీ సీ, డీ రెండూ ఒకే డిస్క్‌లోని ముక్కలు. ఎరేజ్ డిస్క్ అంటే అన్ని ముక్కలూ పోవడమే. విండోస్ కూడా ఉంచుకోవాలంటే 'ఇన్‌స్టాల్ అలాంగ్‌సైడ్', పార్టిషన్లు మనమే ఎంచుకోవాలంటే 'సమ్‌థింగ్ ఎల్స్' తీసుకోవాలి.

ఆ డీ డ్రైవ్‌లో అక్క పెళ్లి ఫొటోలున్నాయి. ఫొటోగ్రాఫర్ ఇచ్చిన ఆల్బమ్ వేరు, ఇవి మా ఇంట్లోవాళ్లు తీసినవి. ఇంకెక్కడా కాపీ లేదు.

ఒక్క పని మాత్రం సరిగ్గా చేశా. కొత్త సిస్టమ్‌లో ఏమీ డౌన్‌లోడ్ చేయకుండా వెంటనే ఆపేశా. మళ్లీ పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేసి, టెస్ట్‌డిస్క్ ప్యాకేజీతో వచ్చే ఫొటోరెక్ రన్ చేసి, దొరికినవన్నీ ఫ్రెండ్ ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌లోకి తీశా. అదే డిస్క్‌లోకి తీస్తే మిగిలినవాటి మీదే రాసేస్తుంది, జాగ్రత్త. రాత్రంతా నడిచింది. నాది పాతకాలం హార్డ్ డిస్క్ కాబట్టి బతికిపోయా. ఎస్ఎస్‌డీ అయితే ట్రిమ్ వల్ల చాలావరకు ఆశ వదులుకోవాల్సిందే.

ఆ తర్వాత సెటప్ అంతా తేలికే. అప్‌డేట్ మేనేజర్, డ్రైవర్ మేనేజర్ ఒకసారి రన్ చేశా. టైమ్‌షిఫ్ట్ ఆన్ చేశా. ఏదైనా అప్‌డేట్ చెడగొడితే సిస్టమ్‌ని పాత స్థితికి తెస్తుంది. కానీ మామూలు సెట్టింగ్స్‌లో మన ఫొటోలు, డాక్యుమెంట్లు దాయదు. దాన్ని బ్యాకప్ అనుకుంటే నాలాగే దొరికిపోతారు.

తెలుగు టైపింగ్ కోసం ఐబస్‌కి ఎం17ఎన్ ప్యాకేజీ జోడించి ఆర్‌టీఎస్ ఎంచుకున్నా. ఇంగ్లిష్ అక్షరాలు కొడుతుంటే తెలుగు వచ్చేస్తోంది. ఈ ఆర్టికల్ అలా టైప్ చేసిందే. ఇన్‌స్క్రిప్ట్ అలవాటున్నవాళ్లకి కీబోర్డ్ లేఅవుట్లలోనే తెలుగు ఉంది. అను ఫాంట్లతో డీటీపీ చేసేవాళ్లు, వాలొరాంట్ ఆడేవాళ్లు మాత్రం విండోస్‌ని వదలకండి. ఫొటోషాప్ కూడా నేరుగా రాదు, నేను గింప్‌తో నెట్టుకొస్తున్నా.

ఫొటోలు చాలావరకు దొరికాయి గానీ, ఫొటోరెక్ పాత పేర్లు, ఫోల్డర్లు ఇవ్వదు. అన్నీ నంబర్లే. మంగళస్నానాల ఫొటో పక్కన నా సెమిస్టర్ మార్కుల స్క్రీన్‌షాట్, దాని పక్కన ఏదో వెబ్‌సైట్ లోగో. రోజూ రాత్రి ఓ అరగంట కూర్చుని విడదీస్తున్నా. తలంబ్రాల దాకా వచ్చా. అక్కకి ఇంకా చెప్పలేదు.