చంద్రధూళి కలిసిన చిత్రములు



చంద్రునిపై నడచినవారు పన్నెండుగురు. వారిలో నాలుగవవాడగు ఆలన్ బీన్ పిమ్మట చిత్రకారుడయ్యెను. ఆయన పటములలో రంగుతోపాటు ఆయన యెక్కివచ్చిన నౌక తునుకలును గలవని విన్నప్పుడు, ఇది కేవలము ధర పెంచు యుక్తి యని నేను తలచితిని.

1969 నవంబరు 19వ తేదీన బీన్, పీట్ కాన్రాడ్ అనువారు చంద్రునిపై దిగిరి. రంగుల దృశ్యములను భూమికి పంపవలసిన టెలివిజను కెమేరాను నిలుపుచు, బీన్ పొరపాటున దానిని సూర్యునివైపు త్రిప్పెను. అది చెడిపోయెను. లోకమునకు వారి మాటలు వినబడెనే గాని చేష్టలు కనబడలేదు. (రేడియో వినువారికి ఇది క్రొత్త గాదు!) ఆ లోటు తీర్చుటకే బీన్ కుంచె పట్టెనని నేననను. కాని 1981లో నాసా కొలువు విడిచి, శేషజీవితమంతయు ఆ చూచినదానినే చిత్రించెను.

పలకపై మందముగా పూత పూసి, చంద్రునిపై తాను వాడిన సుత్తితో దానిపై గాట్లు పెట్టెడివాడు. తన ఉడుపులపై కుట్టిన గురుతుల పట్టీలలో చంద్రధూళి చిక్కియుండెను. వానిని సన్నగా కత్తిరించి రంగులో కలిపెడివాడు. వానితోపాటు ఉష్ణకవచపు తునుకలును చేర్చెడివాడు.

ఈ కవచము సంగతి వినదగినది. సెకనుకు సుమారు 11 కిలోమీటర్ల వేగమున నౌక మరలి వచ్చునప్పుడు ముందున్న గాలి అణగి నిప్పువలె మండును. తేనెపట్టు గదులవంటి అల్లికలో నింపిన జిగురు పదార్థమే ఆ కవచము. అది తాను కాలి బొగ్గై రాలిపోవుచు, వేడిమిని తనతో గొనిపోవును, లోనివారు బ్రతుకుదురు. ఇది తెలిసిన పిమ్మట నాకు మన యిండ్లలోని కాశీచెంబు జ్ఞప్తికి వచ్చినది. అందలి నీటిని వెలకట్టి చూచువా రెవరు?

బీన్ చిత్రములలో నాకు మిక్కిలి నచ్చినది, మువ్వురు మిత్రులు చంద్రునిపై కలిసి నిలిచిన పటము. అది జరిగినది కాదు. మూడవవాడగు రిచర్డ్ గోర్డన్ చంద్రునిపై కాలుపెట్టనేలేదు. పైన ఒంటరిగా పరిభ్రమించుచు, వారిని ఇల్లు చేర్చవలసిన యాంకీ క్లిప్పరు నౌకను కాచుకొని యుండెను. బీన్ రంగులో కలిపిన బొగ్గు ఆ నౌకదే.

కాన్రాడ్ 1999లోను, గోర్డన్ 2017లోను, బీన్ 2018లోను గతించిరి. కాలిన యడుగుభాగముతో నా నౌక వర్జీనియా రాష్ట్రమందలి హాంప్టన్ పట్టణపు ప్రదర్శనశాలలో నున్నది.