పాదరసము ప్రక్కన పసిడి

కంసాలి ఎన్నిమారులు పుటము పెట్టినను వన్నె తఱుగక, గాలికి చిలుమెక్కక, నత్రికామ్లమునకుగాని హైడ్రోక్లోరికామ్లమునకుగాని విడివిడిగా లొంగక, ఆ రెండును కలిసిన ద్రవరాజములో కరగు బంగారమును రసాయన శాస్త్రజ్ఞులు చిరకాలము తమ పనికి రానిదిగానే ఎంచిరి. దేనితోను కలియనిది ఇతరుల కలయికకు ఏమి తోడ్పడునని వారి తలంపు.

ఆవర్తన పట్టికలో బంగారము 79వ మూలకము. దాని ప్రక్కనున్న 80వది పాదరసము. పాదరస లవణముల సాయమున ఎసిటిలీను నీటితో కలిసి ఎసిటాల్డిహైడుగా మారునని 1881లో రష్యాదేశపు కుచెరోవు కనుగొనెను. ఈ పద్ధతినే అనుసరించిన ఒక కర్మాగారమునుండి జపానులోని మినమాతా అఖాతములోనికి పాఱిన మిథైలు పాదరసము చేపలలో చేరి, ఆ చేపలే ఆహారముగా బ్రతుకు పల్లెకారుల నరములను నాశనము చేసి, తల్లి గర్భములోని శిశువులను సైతము విడువలేదు. 1956లో ఆ వ్యాధి బయల్పడెను. ఆ దుఃఖమెఱిగినవాడెవడును పాదరసము చేయు పనిని వేఱొక లోహము చేయగలదా అని వెదుకక మానడు.

1986లో క్యోటోలో ఇతో, సవమురా, హయాషీ అను మువ్వురు ఒక స్వర్ణ సమ్మేళనముతో, బింబప్రతిబింబములవలె నుండు రెండు అణురూపములలో ఒకదానినే అధికముగా పుట్టించి చూపిరి. కాని వారి వెంట నడచినవారు కొలదిమందియే. 1998లో జర్మనీలోని బి.ఎ.ఎస్.ఎఫ్. సంస్థకు చెందిన టెలెస్, అతని సహచరులు ఎసిటిలీనువలె త్రిబంధముగల ఆల్కైనులకు ఆల్కహాలులను జోడించుటలో బంగారమును నియోగింపగా, ఒక్కొక్క స్వర్ణ పరమాణువు శక్తి ఉడుగులోపల లక్ష వఱకు అణువులను తయారుచేసెను! పిమ్మట ఈ క్షేత్రము వెల్లువవలె పొంగినది.

ఇచ్చట బంగారము రేకుగానో పొడిగానో ఉండక, నీటిలో చక్కెరవలె ద్రావణములో లీనమై యుండును. ఇట్లు ద్రావణములో కరగియుండి ఇతరుల కలయికకు తోడ్పడుటనే సజాతీయ ఉత్ప్రేరణమందురు. కుప్పెలోనికి తొంగిచూతము. స్వర్ణ పరమాణువునకు ఒకవైపు ఫాస్ఫీను, ఎదురువైపు క్లోరిను అంటియుండును. వెండి లవణము కొంచెము కలిపినచో వెండి ఆ క్లోరినును లాగుకొని తెల్లని మడ్డిగా విడిపోవును. ఒక చేయి ఖాళీయైన బంగారము ధనావేశముతో నిలుచును. అంతట త్రిబంధముగల అణువు వచ్చి ఆ చేతికి చిక్కును. ఎలక్ట్రానులు బంగారమువైపు ఒరిగినందున బలహీనపడిన కర్బనమును నీటి అణువు వెనుకవైపునుండి తాకి అతుకుకొనును. పిదప ఒక ప్రోటాను వచ్చి బంగారము స్థానమును ఆక్రమించును. విడుదలైన బంగారము మఱియొక అణువును పట్టును. గాలిని, తేమను వెలివేయ నక్కఱలేకుండుట పనిచేయువారికి గొప్ప సుఖము.

పట్టుట సరే, ఇంత గట్టిగా ఏల పట్టును? కేంద్రకములోని 79 ప్రోటానుల ఆకర్షణచే లోపలి ఎలక్ట్రానులు కాంతివేగములో సగమును మించి పరుగిడుటవలన, ఐన్‌స్టయిను సాపేక్షతా సిద్ధాంతము ననుసరించి వాని ద్రవ్యరాశి పెరిగి, ఆ ప్రభావము వెలుపలి 6ఎస్ కక్ష్యవఱకు ప్రాకి దానిని కుంచింపజేయును. అందుచేత బంగారము తన ఎలక్ట్రానులను సులభముగా వీడదు, పరుల ఎలక్ట్రానులకై చేయి చాచును. మన ఆడపడుచుల మెడలోని నగల పసుపు వన్నెకును ఇదియే కారణమనునది నన్ను ఎన్నటికిని విస్మయపఱచు సంగతి.

బంగారము ఖరీదైనదే గదా యని పాఠకులు శంకింపవచ్చును. వాడునది బహుస్వల్పము. శక్తి ఉడిగిన నాడు ద్రావణము ఊదారంగు తిరుగును, ఒక్కొక్కపుడు కుప్పె గోడకు పలుచని బంగారు పూత పట్టును. దానిని మరల ద్రవరాజముతో కడిగి కరగించి, మొదటినుండి ఆరంభింపవచ్చును.