కొలిమికి గ్యాస్ పెట్టాలంటే ముందు గుంత పూడ్చాల

మా వేంపల్లెలో మా వీధి చివర ఆచారి మామ కొలిమి ఉండాది. కర్రులు, కొడవళ్లు, గొడ్డండ్లు చేసిన చేయి ఆయనది. ట్రాక్టర్లు వచ్చి కర్రుల పని పాయె. కొడవళ్లు సంతలో రెడీమేడ్‌వి దొరకబట్టె. ఇప్పుడు ఆయన కొడుకు పాత లారీ కమాన్ కట్టలు తెచ్చి వంటింటి కత్తులు, మాంసం కొట్టే కత్తులు చేస్తాండాడు. బాగానే పోతాండాయి. (మన సీమలో కత్తి అంటానే అందరికీ ఫ్యాక్షనే గుర్తొస్తాది. ఇంటి పనికి, సేద్యం పనికి చేసే కత్తి ఆయుధాల చట్టం కింద లైసెన్సు అడిగే వస్తువు కాదు.)

కష్టమంతా నిప్పు కాడే. కంప బొగ్గు సరిగ్గా దొరకదు, దొరికినా సగం పొగే. తోలు తిత్తి పోయి చేత్తో తిప్పే ఫ్యాను వచ్చింది గానీ, దాన్ని తిప్పేది మా అత్తే. ఆమె దగ్గు మా ఇంటికి వినపడతాది. అందుకే గ్యాస్ పెడదామనుకున్నారు.

పోయిన ఎండాకాలం ఒక అంగట్లో హోటల్ పొయ్యి బర్నరు కొనుక్కొచ్చినారు. ఇంటి సిలిండరు, ఇంటి రెగ్యులేటరే తగిలించినారు. మంట మెత్తగా లేచింది గానీ ఇనుము ఎర్రబడలా. ఆర్పి మళ్లా వెలిగించేలోపు, పైపు అతుకు కాడ కారిన గ్యాస్ మామ కాళ్లు పెట్టుకునే గుంతలోకి దిగింది. అగ్గిపుల్ల గీస్తానే గుంత భగ్గుమనె. పంచె అంచు, కాళ్ల మీది వెంట్రుకలు కాలినాయి. అంతటితో పోయింది కాబట్టి ఈ రాత ఇట్ల రాస్తాండా. లేకుంటే వేరే రకంగా రాయాల్సి వచ్చుండేది.

ఆ పొద్దు నుంచి దొరికింది చదివినా, వెల్డింగ్ షాపులోళ్లను, కత్తులు చేసేటోళ్లను అడిగినా. నేనేం ఇంజినీర్ను కాను. నాకే అర్థమైంది కాబట్టి మీకూ అర్థమైతాది.

వంటింటి రెగ్యులేటరు గ్యాస్ ప్రెజరును బాగా తగ్గించి ఇస్తాది, సుమారు 30 మిల్లీబార్లు. కొలిమి బర్నరుకు దానికి పది రెట్లు, కొన్నిసార్లు ముప్పై రెట్లు కావాల. అందుకే ముందు కొనాల్సింది బర్నరు కాదు, ముల్లు మీటరున్న హై ప్రెజర్ రెగ్యులేటరు, దానికి తగిన హై ప్రెజర్ పైపు. పాత రెగ్యులేటరును విప్పి ప్రెజరు పెంచేటోళ్లు ఉండారు. వాళ్ల మాట వినొద్దు.

ఇంక బర్నర్లు రెండు రకాలు. ఒకటి ఫ్యాను లేనిది, వెంచూరి అంటారు. మిల్లీమీటరుకు అటూ ఇటూ ఉండే సన్న బెజ్జంలో నుంచి గ్యాస్ జోరుగా దూకతాది. ఆ జోరుకు చుట్టూ ఉండే గాలిని అదే లోపలికి గుంజుకుంటాది. కరెంటుతో పని లేదు. రెండోది బ్లోయరుది. గాలిని ఫ్యాను తోస్తాది, గ్యాసుకు తక్కువ ప్రెజరు చాలు, వేడిని బాగా సవరించుకోవచ్చు. పెద్ద పనికి, అతుకు పనికి అదే మేలంటారు. కానీ ఫ్యాను ఆగినా గ్యాస్ ఆగదు. మంట వెనక్కి గొట్టంలోకి రావచ్చు, కాలని గ్యాస్ గదిలో నిండొచ్చు. కరెంటు పోతానే గ్యాసును దానంతట అదే మూసేసే వాల్వు పెట్టాల, దానికి మళ్లా ఖర్చు. మన ఊర్ల కరెంటు సంగతి మీకు నేను చెప్పాల్నా? అందుకే మామ కొడుక్కి వెంచూరిదే చెప్పినా.

సైజు కాడ అందరూ బోల్తా పడతారు. పెద్ద బర్నరు కొంటే ఎక్కువ వేడి అనుకుంటారు. వేడిని పట్టి ఉంచేది గది. కత్తికి అడుగు పొడవు, లోపల నాలుగైదు అంగుళాల వెడల్పు గది చాలు, అంటే మూడు నాలుగు లీటర్ల జాగా. దానికి ముప్పావు అంగుళం గొట్టం బర్నరు ఒక్కటి సరిపోతాది. రెండు పెడితే గ్యాస్ దండగ. గది మూతి కాడ పసుపు మంట బారెడు బయటికొస్తే గాలి చాలలేదని. మంట బయటికి రాకుండా ఇనుము మీద పొరలు పొరలుగా రాలతాంటే గాలి ఎక్కువైందని. మూతి కాడ చిన్నగా నాలుక చాపినట్టు ఉండాల.

లోపల గోడకు సిరామిక్ దుప్పటి అతికించి, దాని మీద మంటకు తట్టుకునే సిమెంటు పూత కచ్చితంగా పూయాల. పూత లేకుంటే దాని నూగు ఊపిరితిత్తుల్లోకి పోతాది. ఇంకొకటి. మన పులివెందుల పక్క బ్రాహ్మణపల్లిలో రాతినార గనులు ఉండె. వేడికి కాలదు కదా అని పాత రాతినార తాడో, రేకు ముక్కో తెచ్చి కొలిమికి చుట్టొద్దు. పొగ పోయిందని సంబరపడి అంతకంటే చెడ్డదాన్ని తెచ్చుకున్నట్టు అయితాది.

గుంత సంగతి వేరేగా చెప్పాల. మన వంట గ్యాస్ గాలి కంటే బరువు. పైకి పోదు, కిందికి దిగి పల్లంలో నిలబడతాది. తరాలుగా మన కమ్మరోళ్లు కూర్చుని కొట్టడానికి తవ్వుకున్న గుంతే గ్యాస్ కొలిమికి బావి అయితాది. పూడ్చాల్సిందే. సిలిండరును దూరంగా, నిలువుగా పెట్టాల. పండబెడితే ద్రవమే వచ్చేస్తాది. అతుకులకు రోజూ సబ్బు నీళ్లు పూయాల. తలుపులు తీసే పని చేయాల, ఈ మంట నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడుకు వాసన ఉండదు.

ఇప్పుడు దుడ్ల మాట. ఇంటి 14.2 కిలోల సిలిండరు పనికి వాడితే చట్టం ఒప్పుకోదు. 19 కిలోల కమర్షియల్‌దే వాడాల. గంటకు అర కిలో లెక్కేసుకున్నా ముప్పై ఎనిమిది గంటలు. కత్తులు చేసే కమ్మరికీ పెద్ద హోటలుకూ ఒకటే రేటు. 2016లో ఉజ్వల తెచ్చినప్పుడు ఆడోళ్లకు వంటింటి పొగ తప్పిస్తామన్నారు. అదే ఆడమనిషి పది అడుగులు నడిచి కొలిమి కాడ కూర్చుంటే ఆ పొగ ఎవరి లెక్కలో లేదు. 2023 సెప్టెంబర్ 17న మొదలైన విశ్వకర్మ పథకంలో కమ్మరి పని ఉండాది, పనిముట్లకు 15,000 రూపాయలు, శిక్షణ రోజులకు 500 భత్యం ఉండాది. ఆ శిక్షణలో ఒక పూటన్నా రెగ్యులేటరు, బర్నరు, లీకు చూసుకోవడం నేర్పమని అడగాల. ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీ మన మండలంలోనే ఉండాది. మెకానికల్ పిల్లోళ్లు ఒక ఆదివారం వచ్చి ఈ గది కొలతలు చూసిపోతే వాళ్లకూ పాఠమే.

మామ కొలిమిలో గుంత పూడ్చినారు. దాగలిని తుమ్మ మొద్దు మీదికి ఎత్తినారు. పుట్టినప్పటి నుంచి కూర్చుని కొట్టిన మనిషి ఇప్పుడు నిలబడి కొడతాండాడు, నడుము పట్టేస్తాంది అంటాడు. అత్త ఫ్యాను తిప్పే పని లేదు. పిడులకు చెక్క చెక్కేది ఆమే ఇప్పుడు. దగ్గు ఇంకా ఉండాది.