స్టీరింగ్ తనంతట తానే తిరుగుతోందా?

కొత్త కారు ఇంటికొచ్చింది. పూజ అయింది, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించారు. వారం రోజులు మీ వారు నడిపి, "ఇక నువ్వు తీసుకో" అన్నారు. పాత కారు ఆరేళ్ళు నడిపిన చెయ్యే కదా అని మీరూ ధైర్యంగానే కూర్చున్నారు. హైవే ఎక్కి కాస్త వేగం అందుకోగానే చేతిలోని స్టీరింగ్‌ని ఎవరో పట్టి లాగినట్టయింది. గుండె గుభేలుమంది. పక్క సీట్లోంచి "సరిగ్గా పట్టుకో, బండి పక్కకి పోతోంది" అని ఓ మాట. అంతే! మర్నాటి నుంచి తాళంచెవి మళ్ళీ ఆయన జేబులోకే.

ఇలా భయపడి కొత్త కారు జోలికి వెళ్ళటం మానేసిన ఇల్లాళ్ళున్నారు. "నాకే చేతకావటం లేదేమో" అని లోలోపల బాధపడతారు తప్ప నోరు తెరిచి ఎవర్నీ అడగరు. తప్పు మీ చేతిది కాదు. స్టీరింగ్‌ని లాగింది కారే. అలా లాగటానికే అందులో ఓ ఏర్పాటు ఉంది. అదేమిటో, ఎప్పుడు లాగుతుందో, ఎలా ఆపాలో కారు అమ్మినవాళ్ళు చెప్పాలి. వాళ్ళేమో తాళంచెవి ఇచ్చే హడావిడిలో నాలుగు ముక్కలు చెప్తారు, అవి కూడా మీ వారితో!

అసలు లోపల ఏముంది?

2021లో వచ్చిన మహీంద్రా ఎక్స్‌యూవీ700, 2023లో వచ్చిన కొత్త హ్యుందాయ్ వెర్నా లాంటి కార్లతో "అడాస్" అనే మాట మన ఇళ్ళలోనూ వినపడుతోంది. డ్రైవరుకి సాయపడే పరికరాలన్నిటికీ కలిపి పెట్టిన పేరది. ఎక్కువగా ఖరీదైన రకాల్లోనే ఇస్తారు. అందులో ఒకటి కారుని గీతల మధ్య ఉంచే ఏర్పాటు. ముందు అద్దానికి లోపలి వైపు, పైన, చిన్న కెమెరా ఉంటుంది. రోడ్డు మీద వేసిన గీతల్ని అది చూస్తూ ఉంటుంది. స్టీరింగ్ తేలిగ్గా తిరగటానికి ఎలాగూ ఓ కరెంటు మోటారు ఉంటుంది కదా, దానిచేతే స్టీరింగ్‌ని కాస్త తిప్పిస్తుంది.

ఇందులోనూ రకాలున్నాయి. ఒకటి, గీత దాటుతుంటే కూతపెట్టి గానీ స్టీరింగ్‌ని వణికించి గానీ ఊరుకుంటుంది. ఇంకొకటి, మీరు గీత దగ్గరికి వెళ్ళాక లోపలికి నెడుతుంది. మూడోదాన్ని లేన్ సెంటరింగ్ అంటారు. అది ఎప్పుడూ సరిగ్గా రెండు గీతల మధ్యనే ఉండాలని పట్టుబడుతుంది. ఒకే కారులో మూడూ ఉండొచ్చు. చిక్కంతా చివరి రెండింటితోనే. లోపలికి నెట్టే రకం చాలా కార్లలో గంటకు 60 కిలోమీటర్లు దాటాకే మేలుకుంటుంది. అందుకే కాలనీ రోడ్లలో తెలియదు, హైవే మీదే ఉలిక్కిపడతాం.

దానికి గీతలే తెలుసు

కోతల రోజుల్లో మన పల్లెల మీదుగా వెళ్ళే రోడ్ల మీద వడ్లో మొక్కజొన్నలో ఆరబోసి, చుట్టూ రాళ్ళు పేరుస్తారు. మీరేం చేస్తారు? వెనక చూసుకుని కాస్త కుడికి జరుగుతారు. ఇండికేటర్ వెయ్యరు. అంత చిన్నదానికి మనలో వేసేవాళ్ళెవరు? కారు లెక్క వేరు. మీకు కునుకు పట్టి గీత దాటుతున్నారని దాని అనుమానం. వెంటనే ఎడమకి, అంటే ఆ రాళ్ళ వైపుకే నెడుతుంది! చెడిపోయి ఆగిన లారీ వెనక కొమ్మలు విరిచి పెడతారు చూడండి, అక్కడా ఇదే తంతు. అదాటున నెట్టిన ఆ నెట్టుడికి కంగారుపడి స్టీరింగ్‌ని ఎక్కువ తిప్పేశామంటే అసలు ప్రమాదం అప్పుడే.

డివైడర్ లేని రోడ్డు మీద ఇంకో రకం తంటా. ఎదురుగా బస్సొస్తుంటే ఎవరూ చెప్పకుండానే ఎడమ అంచుకి ఒదుగుతాం. అది ప్రాణభయం నేర్పిన అలవాటు. లేన్ సెంటరింగ్ మాత్రం "మధ్యకి రా" అని గుంజుతూనే ఉంటుంది. పోపు వేస్తుంటే వెనక నుంచి ఎవరో మన గరిటె చేతిని పట్టుకుని తిప్పుతుంటే ఎలా ఉంటుంది? అలా ఉంటుంది.

హైదరాబాద్ చుట్టూ ఉన్న 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు లాంటి చోట గీతలు వరుసగా ఉంటాయి కాబట్టి ఇది చాలావరకు బుద్ధిగానే పనిచేస్తుంది. అయినా కిందికి దిగే దారి దగ్గర ఎడమ గీత పక్కకి విడిపోతుంది. గీతల మధ్య దూరం పెరిగేసరికి కొన్ని కార్లు కొత్త "మధ్య"ని వెతుక్కుంటూ ఆ దారి వైపు జరుగుతాయి. ఫ్లైఓవర్ పనుల దగ్గర పాత గీతలూ కొత్త గీతలూ కలిసి కనిపిస్తే తికమకపడతాయి. జోరువానలో, ఎదురెండలో గీతలు కనపడక పట్టు వదిలేస్తాయి కూడా. ఆ సంగతి చెప్పేది ముందున్న తెర మీది చిన్న బొమ్మే. అదే స్టీరింగ్ మీద చెయ్యి లేనివాళ్ళ కొంప ముంచుతుంది.

చేతుల మాట వచ్చింది కాబట్టి చెప్తున్నాను. రెండు చేతులతో బుద్ధిగా పట్టుకున్నా "చేతులు స్టీరింగ్ మీద పెట్టండి" అని సాధిస్తోందా? చాలా కార్లు చెయ్యి తగలటాన్ని గుర్తించవు, చెయ్యి కొంచెమైనా తిప్పుతోందా అని చూస్తాయి. తిన్నటి రోడ్డు మీద మీరు తిప్పరు కాబట్టి లేరనుకుంటుంది. ఒక చేతి బరువుని కాస్త ఓ పక్కకి ఆనించి ఉంచితే ఊరుకుంటుంది. ఈ గోల పడలేక స్టీరింగ్‌కి నీళ్ళసీసా తగిలించే ఘనులున్నారు. మీ ఇంట్లో కుర్రాళ్ళు అలాంటి పని చేస్తే మొహమాటపడకుండా తిట్టండి.

అయితే తీసెయ్యటమేనా?

ఈ విసుగు మనకొక్కళ్ళకే కాదు. అమెరికాలో రోడ్డు భద్రత మీద పనిచేసే ఇన్సూరెన్స్ ఇన్‌స్టిట్యూట్ ఫర్ హైవే సేఫ్టీ వాళ్ళు సర్వీసుకి వచ్చిన కార్లని పరిశీలించి 2017లో ఓ లెక్క చెప్పారు. ముందున్న బండిని గుద్దకుండా కాపాడే ఏర్పాటుని నూటికి 93 కార్లలో అలాగే ఉంచారు. గీతల ఏర్పాటుని మాత్రం దాదాపు సగం కార్లలో ఆపేశారు. గీతలు చక్కగా ఉండే దేశంలోనే అలా ఉంది! కానీ అదే సంవత్సరం వాళ్ళు చెప్పిన ఇంకో మాటా వినాలి. గీత దాటుతుంటే హెచ్చరించే ఏర్పాటున్న కార్లకి, బండి పక్కకి పోయి జరిగే ప్రమాదాలు నూటికి 11, వాటిలో దెబ్బలు తగిలేవి నూటికి 21 తగ్గాయి.

యూరోపియన్ యూనియన్ దేశాల్లో 2024 జూలై నుంచి ప్రతి కొత్త కారులోనూ ఇలాంటి ఏర్పాటు తప్పనిసరి. ఆపేసినా మళ్ళీ బండి స్టార్ట్ చేయగానే తిరిగి పనిచేస్తుంది. జర్మనీలో ఉన్న మీ అమ్మాయి రోజూ పొద్దున్నే దీన్ని తిట్టుకుంటూ ఆపుతోందంటే కారణం అదే.

అందుకని నా సలహా ఇది. డివైడర్ లేని రోడ్ల మీద, ఊళ్ళల్లో నెట్టేదాన్నీ మధ్యలో ఉంచేదాన్నీ ఆపెయ్యండి. కూతపెట్టేదాన్ని ఉంచుకోండి. ముందున్న బండిని చూసి బ్రేకు వేసేదాన్ని మాత్రం విసుగులో కలిపి ఆపెయ్యకండి, అది వేరే ఏర్పాటు. ఆపే బటన్ కొన్ని కార్లలో స్టీరింగ్ మీదే ఉంటుంది, కొన్నిటిలో మధ్యనున్న తెరలో వెతుక్కోవాలి. బండి ఆగి ఉన్నప్పుడే ఆ పని చెయ్యాలి. పెద్ద హైవే మీద ఆన్ చేసుకుంటే, పక్కకి జరిగే ప్రతిసారీ ఇండికేటర్ వెయ్యండి. ఇండికేటర్ వేస్తే మీరు కావాలనే జరుగుతున్నారని దానికి అర్థమై ఊరుకుంటుంది. వెయ్యటం మర్చిపోయినా భయం లేదు. ఆ మోటారు బలం మీ చేతి బలానికి లొంగేలాగే పెడతారు. స్టీరింగ్ వదలకుండా, గింజుకోకుండా, మీరు వెళ్ళాలనుకున్న వైపుకి నిలకడగా పట్టుకోండి చాలు.

ఓ ఆదివారం పొద్దున్నే, రద్దీ లేని హైవే మీద ఇదంతా ఒకసారి చేతితో తెలుసుకోండి. దాన్ని ఆన్ చేసి, ఇండికేటర్ వేసి ఒకసారి, వెయ్యకుండా ఒకసారి మెల్లగా లేన్ మారి చూడండి. ముందూ వెనకా బండ్లు లేనప్పుడే సుమా! మీ వారిని పక్కన కూర్చోబెట్టుకుంటే ఆయనకీ తెలుస్తుంది.

పూజల దగ్గర ఒక్క జాగ్రత్త. స్వస్తికం, బొట్లు, స్టిక్కర్లు కెమెరా ముందున్న అద్దం మీద పెట్టకండి. ఆ భాగాన్ని మెత్తని గుడ్డతో తుడుస్తుండండి. అద్దం పగిలి కొత్తది వేయిస్తే, కెమెరాని మళ్ళీ సరిచూసి అమర్చారా అని అడిగి, బిల్లులో ఆ మాట రాయించుకున్నాకే డబ్బు కట్టండి.