విదేశవిద్య: విశ్వవిద్యాలయమును పరీక్షించు విధము

తెలుగువారికి వలస క్రొత్త గాదు. విజయనగర, నాయకరాజుల కాలములలో మధుర, తంజావూరు సీమలకు తరలిపోయిన కుటుంబములు కలవు. మగ్గమును నమ్ముకొని షోలాపురము చేరిన పద్మశాలి కుటుంబములు కలవు. నేడు అట్టి కుటుంబముల బిడ్డలును ఉన్నతవిద్యకై సముద్రములు దాటుచున్నారు. పొలము కుదువబెట్టియో, బ్యాంకులో ఋణము తీసియో తల్లిదండ్రులు వారిని పంపుచున్నారు. చేరబోవు విద్యాలయమును కన్నులార చూచినవారు తఱచుగా ఇంటిలో ఒక్కరును ఉండరు. కాగితములను చూచియే నిర్ణయము చేయవలసి వచ్చును. కావున ఆ కాగితములు దేనిని చెప్పునో, దేనిని చెప్పవో తెలిసికొనుట మిక్కిలి అవసరము. తెలుగు విద్యార్థులు పెక్కుమంది పోవు అమెరికాను ఉదాహరణముగా గైకొని ఈ విషయము ఇచట వివరింపబడుచున్నది.

అనుమతి వేఱు, గుర్తింపు వేఱు

అమెరికాలో విద్యాలయమును నడపుటకు అనుమతి నిచ్చునది సాధారణముగా ఆయా రాష్ట్రప్రభుత్వము. విద్యాప్రమాణములను పరీక్షించి గుర్తింపు నిచ్చునవి ప్రభుత్వేతర సంఘములు. ఆ సంఘములలో నమ్మదగినవి యేవో నిర్ణయించునది కేంద్ర విద్యాశాఖ. విదేశీ విద్యార్థులను చేర్చుకొనుటకు అనుమతి నిచ్చునది మాత్రము వీరెవ్వరును గారు. అది స్వదేశ భద్రతాశాఖ. ఈ అనుమతి గల విద్యాలయము ఐ-20 అను పత్రము నిచ్చును. దానిని చూపియే విద్యార్థి వీసా కోరును.

ఐ-20 చేతికి అందినంతనే విద్యాలయము మంచిదని తేలినదని తలచుట పెద్ద పొరపాటు. కాలిఫోర్నియాలోని ప్లెజంటన్ పట్టణమున ట్రై-వ్యాలీ విశ్వవిద్యాలయమను సంస్థ యుండెను. విదేశీయులను చేర్చుకొను అనుమతి దానికి కలదు. ప్రమాణముల గుర్తింపు లేదు. 2011 జనవరిలో అధికారులు దానిని మూయించిరి. అందలి విద్యార్థులు సుమారు 1,500 మంది. వారిలో అత్యధికులు భారతీయులు, అందును తెలుగువారే మెండు. సగము మందికి పైగా ఒకే నివాసపు చిరునామాతో నమోదై యుండిరని దర్యాప్తులో తేలెను. కొందఱి కాళ్లకు నిఘా పరికరములను తొడుగగా భారత ప్రభుత్వము నిరసన తెలిపెను. సంస్థాపకురాలికి 2014లో పదునాఱేండ్లకు పైగా కారాగారశిక్ష పడెను. విద్యార్థులు పోగొట్టుకొనిన ధనమును కాలమును ఆ శిక్ష తిరిగి తేలేదు.

బోధన జరుగుచున్నదా?

గుర్తింపును చూచుకొనినను సరిపోదని మఱియొక ఉదంతము చెప్పుచున్నది. మిచిగన్ రాష్ట్రమున ఫార్మింగ్‌టన్ విశ్వవిద్యాలయమను పేర స్వదేశ భద్రతాశాఖవారే రహస్యముగా ఒక సంస్థను నెలకొల్పిరి. అనుమతి పొందిన విద్యాలయముల పట్టికలో దాని పేరు కలదు. ఒక గుర్తింపు సంఘపు జాబితాలోను కలదు. లేనివి రెండే: ఉపాధ్యాయులు, తరగతులు. 2019 జనవరిలో ఈ గుట్టు బయటపడినపుడు సుమారు 600 మంది అందు చేరియుండిరి. మొదటనే నిర్బంధింపబడిన 130 మందిలో ఒక్కరు తప్ప అందఱును భారతీయులే. కాగితములన్నియు సరిగా నున్న ఆ సంస్థను బయటపెట్టగలిగిన ప్రశ్న యొక్కటియే: "ఇచట పాఠము చెప్పువా రెవరు?"

కావున చేరుటకు పూర్వమే తరగతుల వేళాపట్టికను అడుగవలెను. ఆచార్యుల పేర్లు, వారి పరిశోధనలు, వారు చెప్పు పాఠ్యాంశములు చూడవలెను. ఏజెంటు చూపినవారిని గాక, తాముగా వెదకికొనిన ఇరువురు ముగ్గురు విద్యార్థులతో మాటలాడవలెను. ఎఫ్-1 వీసాపై చదువువారు ఒక్కొక్క అర్ధసంవత్సరమున ఆన్‌లైన్ తరగతి నొక్కదానిని మాత్రమే తప్పనిసరి చదువులో లెక్కకు తెచ్చుకొనవచ్చునని నియమము. అన్ని తరగతులును ఇంటినుండియే చదువవచ్చునని చెప్పు సంస్థను నమ్మరాదు. చేరిన దినమునుండియే బయట ఉద్యోగము చేయవచ్చునను ఆశయు శంకింపదగినదే. చదువులో భాగమైన ఉద్యోగశిక్షణకు సాధారణముగా ఒక పూర్తి విద్యాసంవత్సరము గడువవలెను; మినహాయింపులున్నను, ఆ ఆశనే ముందుంచుకొని విద్యార్థులను పిలుచు సంస్థకు బోధన ముఖ్యము గాదు.

గుర్తింపు నిచ్చు సంఘమునే పరీక్షించుటయు అవసరము. ఏ.సి.ఐ.సి.ఎస్. అను సంఘమునకు విద్యాశాఖ యొసగిన ఆమోదము 2022 ఆగస్టులో రద్దయ్యెను. విద్యాశాఖవారి పట్టికలో విద్యాలయము పేరును, దానిని గుర్తించిన సంఘము పేరును రెండింటిని చూడవలెను. ఈ పట్టిక అందఱికిని ఉచితముగా లభించును.

వ్యయము, తిరిగివచ్చుట

ఐ-20 పత్రమున చూపబడు వ్యయము సాధారణముగా ఒక విద్యాసంవత్సరపు అంచనా మాత్రమే. రెండేండ్ల చదువునకు మొత్తము లెక్క వేసికొనిన పిదపనే ఋణము తీయవలెను. తాము చేర్చుకొనిన ఒక్కొక్క విద్యార్థికి ఇంత యని ఏజెంటుకు ప్రతిఫల మిచ్చు విద్యాలయములు కలవు. కావున ఏజెంటు సలహాను విన్నను, నిర్ణయమును అతనికి విడువరాదు.

స్వదేశమునకు మఱలివచ్చినపుడు పట్టము చెల్లునా యనునది కడపటి ప్రశ్న. విదేశపు పట్టములకు సమానత్వము నిర్ణయించుటకై విశ్వవిద్యాలయ నిధుల సంఘము 2025లో నియమములు చేసినది. పట్టమిచ్చిన సంస్థకు ఆ దేశమున గుర్తింపు ఉండవలెనని అందు విధింపబడినది. వైద్యము, న్యాయశాస్త్రము వంటివి ఆ నియమములలో చేరవు. వానికి ఆయా వృత్తిమండలుల నియమములే ప్రమాణము. కావున విద్యాలయపు గుర్తింపు అమెరికాలో ఉద్యోగమునకే గాక ఇంటివద్ద బ్రతుకునకును ఆధారమగుచున్నది.

బెంగళూరు, చెన్నపురి, బరంపురము, షోలాపురము, యానాములలోని తెలుగు సంఘములు ఈ విషయమున చేయదగిన పని యొకటి కలదు. విదేశములలో చదివి వచ్చినవారిని, చదువుచున్నవారిని ఏటేట ఒకచోట గూర్చి, క్రొత్తగా పోవువారి ప్రశ్నలకు సమాధానము చెప్పించిన చాలును. ముందు పోయినవారు వెనుక వచ్చువారికి త్రోవ చెప్పుట వలసపోయిన జాతికి తెలియని విద్య గాదు.